గోడకు మడిచే బల్ల

1990 ఆగస్టు 2, గురువారం

కొలతల పుస్తకంలో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ కొలతలివ్వడానికి ఎవరూ వచ్చేటట్టు లేరు కాబట్టి వీటిలో రాసుకుంటున్నాను.

తెల్లారుజామున దబదబమని చప్పుళ్ళు వినిపిస్తే, కువైట్ పట్నంలో మా పేట షర్క్‌లో మళ్ళీ ఏదో పాత ఇల్లు కూలగొడుతున్నారనుకున్నాను. ఈ పేటలో ఏడాది పొడుగునా అదే పని కదా. ఏడింటికి పైగదిలో ఉండే ఆంజి వచ్చి షట్టర్ మీద గుద్దాడు. ఆంజిది మా నందలూరు పక్కనే కోడూరు. ఇక్కడ టాక్సీ తోలుతాడు. ఏ వార్తయినా తన కడుపున పుట్టినట్టే చెప్తాడు.

"పెంచలన్నా, ఇరాకోళ్ళు వచ్చేసినారు. సముద్రం రోడ్డు నిండా ట్యాంకులే. సర్కారే ల్యాదంట. ఖలాస్."

"నిద్ర చాల్లేదేమో, పోయి పడుకోపో" అన్నాను. అంతలోనే వీధి చివర నిజంగా ఒక ట్యాంకు పోయింది. దాని మీద ఒకడు కూర్చుని టమాటా తింటున్నాడు. నేను చూసిన యుద్ధం ఇంతవరకు అంతే.

షట్టర్ సగానికి దించి ఇంజనీరు గారి కోటుకు చేతులు అతికించాను. సాయంత్రానికి కోటు పూర్తయింది. ఇస్త్రీ చెయ్యాలి.

ఇక్కడ నాతో ఇస్త్రీ చేసే ఆ మనిషి కొట్టు వదిలి ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. నేనేం లెక్కపెట్టలేదు. గోడకు క్యాలెండర్ ఉంది కాబట్టి తెలిసింది.

ఆగస్టు 5, ఆదివారం

పని లేకుండా కూర్చుంటే కొట్టు ఎంత చిన్నదో ఇవాళ తెలిసింది. మెట్ల కింద గూడు ఇది. ఆరడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు, లోపలికి పోయేకొద్దీ తల వంచాలి. ఇంతలోనే మెషిన్, స్టూలు, గుడ్డల అర, ఇద్దరు మనుషులు. తొమ్మిదేళ్ళు ఎట్లా సరిపోయాం అంటే, ఎదురుగా గోడకున్న ఆ బల్ల వల్ల.

ఎనభై ఒకటిలో వెనక వీధిలో మట్టి ఇల్లు ఒకటి కూలగొడుతుంటే ఆ మనిషి పోయి దాని తలుపు రెక్క ఒకటి అడుక్కొచ్చాడు. భుజం మీద మోసుకొచ్చి ఇక్కడ దించి, వాసన చూసి, "టేకురా పెంచలా. మన దేశం నుంచి పడవలో వచ్చింటాది, మన మాదిరే" అన్నాడు. మూడున్నర అడుగులకు కోసి, రెండు మడతబందులతో గోడకు బిగించాడు. కింద ఒకే కాలు. అది కూడా మడుస్తుంది. పని అయిపోతే పైకెత్తి కొక్కెం తగిలించడమే, బల్ల గోడలో కలిసిపోతుంది. చేతులు ఇస్త్రీ చెయ్యడానికి జానెడు వెడల్పు సన్నపలక ఒకటి వేరే చేశాడు. చొక్కా చేతిని దానికి తొడిగితే రెండో పక్క మడత పడదు.

బల్ల దించితే నా స్టూలుకు చోటుండదు. నేను లేచి బయట మెట్టు మీద కూర్చోవాలి. అందుకని మధ్యాహ్నం దాకా నా కుట్టు, సాయంత్రం నమాజు చేసుకొచ్చాక తన ఇస్త్రీ. నేను లేచేసరికి తను బల్ల దించేవాడు, తను కొక్కెం పెట్టేసరికి నేను కూర్చునేవాణ్ణి. ఒక్కరోజు కూడా మోకాళ్ళు తగల్లేదు.

బల్ల మీద రెండు మడతల కంబళి, దాని మీద నూలు గుడ్డలు, పైన పల్చటి తెల్ల మల్లు గుడ్డ. అంచులు కిందికి మడిచి చిన్న మేకులు కొట్టి ఉంటాయి. కంబళికి, చెక్కకు మధ్య ఒక కవరు. అందులో మా ఇద్దరి పాస్‌పోర్టులు. మాకు వీసా ఇచ్చిన అరబ్బు ఆసామి, మా కఫీల్, మంచివాడు, పాస్‌పోర్టులు మా దగ్గరే వదిలాడు. దొంగ వస్తే మెషిన్ ఎత్తుకుపోతాడు గానీ ఇస్త్రీ బల్ల విప్పడు అని ఆ మనిషే అక్కడ దాచాడు.

ఇప్పటికీ రెండూ అందులోనే ఉన్నాయి. పోయేటప్పుడు తనది తీసుకుపోలేదు. కావాలంటే వచ్చి అడుగుతాడు. నేను ఇప్పుడు తనున్న మహబూలా దాకా మోసుకుపోయి ఇచ్చేది లేదు.

జూన్‌లో బల్ల మీది ఈ పరుపు పాతబడిందని నేనే కొత్తగా వేసి మేకులు కొట్టాను. బాగా వేశాను.

ఆగస్టు 6

రాలేదు. రాకపోతే నాకేం.

ఆగస్టు 9, గురువారం

ఖుబ్బూస్ రొట్టెల కోసం మూడు గంటలు వరసలో నిలబడ్డాను. నా ముందర నిలబడిన ఒక పెద్దాయన చొక్కా వీపున ఇస్త్రీ గీత సరిగ్గా నడిమధ్యన ఉంది. ఈ రోజుల్లో కూడా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడే అని దాన్నే చూస్తూ నిలబడ్డాను. గీత అంత తిన్నగా రావాలంటే చెయ్యి వణకకూడదు.

మా నందలూరులో లోకో షెడ్డు ఎదురుగా ఆ మనిషి వాళ్ళ నాయనది బొగ్గుల ఇస్త్రీపెట్టె. రైలు గార్డుల తెల్ల బట్టలన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఇంజను పొగకు నల్లబడిన ఊర్లో తెల్లగా కనపడేవి గార్డుల చొక్కాలు మాత్రమే. మా కుట్టుమెషిన్ వాళ్ళ పంచలోనే ఉండేది. మా నాయన పోయాక బాడుగ అడగలేదు వాళ్ళు. పదారేళ్ళవాణ్ణి, కాజాలు కుట్టడం తప్ప ఏమీ రాదు. ఆ మనిషే నా పక్కన కూర్చుని, "కుట్టు ఎట్లున్నా ఇస్త్రీతో నేను సరిచేస్తాలే, నువ్వు భయపడొద్దు" అనేవాడు.

కువైట్‌కు కూడా తనే తీసుకొచ్చాడు. బొంబాయిలో ఏజెంటు దగ్గరికి పొద్దున్నే పోవాలి, ఉన్నది ఒక్కొక్క చొక్కా, అది రైల్లో నలిగి చీపురుకట్టలా తయారైంది. మసీదు వెనక బాటసారులుండే ముసాఫిర్‌ఖానాలో దిగాం. తను చొక్కాలు రెండూ నీళ్ళు చల్లి, చాప మీద పరిచి, అరచేత్తో దిద్ది, పైన దుప్పటి వేశాడు. "పండుకో. కదలొద్దు" అన్నాడు. మా వీపులే ఇస్త్రీపెట్టెలు. పొద్దున చూస్తే కత్తి మడత. ఏజెంటు నన్ను చూసి ఏదో పెద్ద కొట్టులో పనిచేసినవాడే అనుకున్నాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. ఎండకు బుర్ర పనిచేయడం లేదు.

ఆగస్టు 12, ఆదివారం

ఆంజి వచ్చాడు. ఇండియా వాళ్ళను పంపిస్తారట. ఇక్కడి నుంచి బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్, అక్కడ విమానం. సాల్మియాలో ఇండియన్ స్కూల్లో పేర్లు రాస్తున్నారు. పాస్‌పోర్టు చేతిలో ఉంటే ముందు లిస్టులో వేస్తారు. లేనివాళ్ళది ఎప్పుడో, ఏమో.

"మనిద్దరికీ రాయిస్తాన్నా" అన్నాడు.

"ఇంజనీరు కోటు ఇవ్వాల. అరబ్బోళ్ళవి ఆరు పొడుగు దిష్‌దాషాలు ఇస్త్రీకుండాయి. గిరాకీల గుడ్డలు పెట్టుకోని ఎట్ల వస్తారా?"

"ఆ గిరాకీలు సౌదీలో కూచోనుండారు. వలన్నది?"

"వలన్నది ఏంది?"

"పాస్‌పోర్టు. నీకాడనే ఉండాదని నాతో చెప్పినాడే. ఇచ్చి రాకపోతివా?"

ఆ మనిషి పేరెత్తేసరికి, కావాల్సినవాడు రావాలి గానీ ఇచ్చేవాడు పోతాడా అన్నాను. ఆంజి నన్ను ఒక చూపు చూసి పోయాడు.

సరే, అది కూడా రాసేస్తాను. రాస్తే తప్పు ఎవరిదో కనపడుతుంది. జూలై పద్నాలుగు. ఇంజనీరు అనంతరామ్ గారి మొదటి కోటు, మీగడ రంగు లినెన్. ఆయన భార్య సీతాలక్ష్మి గారు తీసుకుపోవడానికి వచ్చి మెట్టు దగ్గర నిలబడి ఉన్నారు. లోపల ఆ మనిషి కోటు వీపు భాగం ఇస్త్రీ చేసి ఎత్తాడు. అరచెయ్యంత గోధుమరంగు మచ్చ. నాకు ఒళ్ళు మండిపోయింది. "కండ్లు పోయినాయి నీకు. ఊరికి పోయి మంచంలో పడుకోపో" అన్నాను. ఆమె ముందే. మా తమ్ముణ్ణి అన్నట్టు అన్నాను, తను నాకంటే పన్నెండేళ్ళు పెద్ద.

తను ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, వైరు చుట్టి, బల్ల పైకెత్తి కొక్కెం పెట్టాడు. చెప్పులేసుకుని పోయాడు. మూడు రోజులకు తెలిసింది, మహబూలాలో కొత్తగా కడుతున్న బిల్డింగుకు కాపలాకు కుదిరాడని.

తప్పు లేనివాడైతే నోరు తెరిచి చెప్పడా?

ఆగస్టు 15

మామూలుగా ఈరోజు స్కూల్లో జెండా ఎగరేసి లడ్డు ఇస్తారు. తను తన లడ్డు కూడా నాకే ఇచ్చేవాడు, పంటికి పడదని. పంటికేం, శుభ్రంగా ఉంది.

ఆగస్టు 17, శుక్రవారం

ఇవాళ భయపడ్డాను. మధ్యాహ్నం ఒక సిపాయి తుపాకీతో లోపలికి వంగి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయి. యూనిఫారం చొక్కా విప్పి నా మీదికి విసిరి, గుండీ కుట్టి ఇస్త్రీ చెయ్యమన్నాడు. గుండీ కుట్టాను. ఇస్త్రీ చేసేవాడు లేడన్నాను.

"అది ఏమిటి?" అని తుపాకీ కొనతో గోడ మీద బల్లను తట్టాడు.

 కవరు అందులోనే ఉంది. జూలై పద్నాలుగు తర్వాత ఆ కొక్కెం నేను ముట్టుకోలేదు. గుండీ కాజాలు నొక్కాల్సి వస్తే మెషిన్ అంచు మీదే నొక్కుకుంటున్నాను. ఇవాళ తియ్యక తప్పలేదు. బల్ల దించి, కాలు నిలబెట్టి, ఇస్త్రీపెట్టె వేడి చేశాను. వాడు ఒట్టి బనియన్‌తో నా స్టూలు గుమ్మం బయట వేసుకుని కూర్చుని, ఊళ్ళో వాళ్ళమ్మ ఆవులు మేపుతుందని చెప్పాడు. పాపం వాడికి కూడా ఎవరో ఉన్నారు. చొక్కా తీసుకుని మంచిగా ఉందని చెప్పి పోయాడు. మంచిగా లేదు. గీత వంకరపోయింది.

ఇంకొకటి. బల్ల మీద ఎడమవైపు ఒకచోట ఇస్త్రీపెట్టె తట్టుకుంటోంది. వేలితో నొక్కితే గుడ్డ కింద అట్టలాగా గట్టిగా ఉంది.

కవరు అక్కడిదాకా జరిగి ఉంటుంది.

ఆగస్టు 18

కవరు కుడివైపు కదా ఉండేది. ఏమో. విప్పి చూడ్డానికి తీరిక లేదు.

ఆగస్టు 22, బుధవారం

సీతాలక్ష్మి గారు వచ్చారు. వాళ్ళ పేర్లు లిస్టులో వచ్చాయట. ఎల్లుండి బస్సు. కొత్త కోటు తీసి చూపించి, ఇస్త్రీ ఒక్కటే మిగిలిందండీ అన్నాను.

"ఇప్పుడు మాకు కోటెందుకండీ. మనిషికొక్క బ్యాగే తెచ్చుకోమన్నారు. ఆ పెద్దాయనకి ఇచ్చేయండి. దారిలో ఎడారి చలి అంట" అన్నారు ఆమె. ఆమెది గుంటూరో విజయవాడో మాట, నెమ్మదిగా ఉంటుంది.

ఎవరికి అన్నాను, తెలియనట్టు.

"అదేనండీ, ఇస్త్రీ చేసే ఆయన. చెప్పకూడదు గానీ, ఆ రోజు మీరు ఆయన్ని అంత మాట అనకుండా ఉండాల్సింది. నేను ఇంటికెళ్ళి చూశాను. ఆయన కోటు తిరగేసి కదా ఇస్త్రీ చేసింది? పెట్టె తగిలింది లోపలి వైపు. లోపల మచ్చే లేదు. మచ్చంతా పైవైపు ఉంది, బల్లకి ఆనిన వైపు. మీరు పనిలో ఉన్నవాళ్ళు, మీకు తెలియదని కాదు."

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, జాగ్రత్తగా ఉండండి అని చెప్పి వెళ్ళిపోయారు. కోటు నా చేతుల్లోనే ఉంది.

ఆగస్టు 23

ఇవాళ ఏమీ రాయను.

ఆగస్టు 24, శుక్రవారం

నిన్న రాయలేదు. ఇవాళ పొద్దున ఒక లారీ వచ్చి వీధిలో కొట్లన్నీ ఊడ్చుకుపోయింది. ఎదురు కొట్టులో ఫ్రిజ్జు, మూలకొట్టులో సిగరెట్లు, నా మెషిన్. స్టూలు కూడా. ఒకడు బల్ల పట్టుకుని లాగాడు. మడతబందులు ఊడిరాలేదు. టేకు కదా. తిట్టుకుంటూ వదిలేశాడు. అరలో గుడ్డల వెనకున్న ఇస్త్రీపెట్టె వాళ్ళ కంట పడలేదు.

ఆంజి పైనుంచి చూస్తూనే ఉన్నాడట. వాళ్ళు పోయాక దిగొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంగేముంది అన్నా ఈడ" అన్నాడు.

ఆరు దిష్‌దాషాలున్నాయి అన్నాను.

ఆగస్టు 26, ఆదివారం

సరే. ఇది నా పుస్తకం. ఇందులో కూడా అబద్ధం ఎందుకు?

ఇరవై రెండో తేదీ ఆమె వెళ్ళిన వెంటనే మేకులు పీకాను. మల్లు గుడ్డ ఎత్తగానే కనపడింది. అరచెయ్యంత చోట కరిగి, ముద్దయి, గట్టిపడిన నైలాన్ లైనింగు ముక్క. గోధుమరంగు. కోటు మీద పడ్డ మచ్చ ఏ ఆకారమో ఇదీ అదే ఆకారం. లినెన్‌కు పెట్టె బాగా కాగాలి. ఆ వేడికి కింద నైలాన్ కరిగి, పల్చటి మల్లులోంచి ఊరి కోటుకు అంటుకుంది. అంతే. చిన్నపిల్లవాడికి కూడా తెలిసే సంగతి. ఇస్త్రీ బల్ల పరుపులో నూలు తప్ప ఇంకేదీ పెట్టకూడదు.

జూన్‌లో అది పెట్టింది నేను. నూలు గుడ్డ ఒక మడత తక్కువైంది. అరలోంచి చేతికందిన ముక్క తీసి సర్దాను. ఒక్క మడతే కదా, ఏమవుతుంది అనుకున్నాను. నాకు గుర్తుంది. జూలై పద్నాలుగున కూడా గుర్తుండే ఉంటుంది. ఆ మచ్చ ఎటువైపు పడిందో నేను చూడలేదు. చూడకూడదనే చూడలేదేమో.

నా తప్పుకు వలన్నను కళ్ళు పోయినవాడివి అన్నాను. మొదటి లిస్టు పోయింది, రెండోదీ పోయింది, వచ్చి అడగనీ అని ఆయన పాస్‌పోర్టు మీద కూర్చున్నాను. ఎవరైనా ఇలా చేస్తారా? సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

పాస్‌పోర్టు తెరిచి చూశాను. ఫొటోలో వలన్నకు నల్లటి జుట్టు. ఆ చొక్కా బొంబాయిలో మా వీపుల కింద పడుకున్న చొక్కా.

కొత్త పరుపు వేశాను. రెండు మడతల కంబళి, నా రెండు నూలు పంచెలు. నైలాన్ ముక్క జేబులో పెట్టుకున్నాను. రేపు పోతాను. పోయి చెప్తాను.

ఆగస్టు 27, సోమవారం

ఆంజి టాక్సీలో పోయాం. మూడుచోట్ల ఆపారు. మహబూలా సముద్రం ఒడ్డంతా గుంతలు తవ్వి ముళ్ళకంచె వేశారు. సగం కట్టిన బిల్డింగులో, కింద, సిమెంటు బస్తాల పక్కన వలన్న కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కాను తొడ మీద పరిచి అరచేత్తో దిద్దుకుంటున్నాడు. నేను పదడుగుల దూరంలో నిలబడ్డాను. ఆయన నా వైపే చూస్తున్నాడు గానీ ముఖంలో ఏ కదలికా లేదు. కోపం ఇంకా తగ్గలేదనుకున్నాను. ఒకసారి దగ్గాను.

"పెంచలుగాడా?" అన్నాడు. లేచాడు. చేతులు ముందుకు చాచి, గాలిలో వెతుకుతూ వచ్చాడు.

నాకు అప్పుడు అర్థమైంది. అయ్యో, నేనేం అనుకుంటూ కూర్చున్నాను ఇన్ని రోజులు.

"రెండు తూర్లు బయల్దేరినా అబ్బీ" అన్నాడు నా మోచెయ్యి పట్టుకుని. "బస్సు నెంబరు కనపల్యా. ఒకతూరి ఫహాహీల్‌లో దిగినా. ఇంగొకతూరి యాడ దిగినానో అల్లాకే తెల్సు, సిపాయి ఎవుడో వెనక్కి తరిమినాడు. పొగమంచు మాదిరి ఉండాది కండ్ల ముందర. పోయినేడు నుంచే ఉండె, ఈ రెండు నెల్లల్లో జాస్తయింది."

"పాస్‌పోర్టుకోసం భయపడల్యా వలన్నా?"

"భయమెందుకు? బల్లలోనే ఉండాది. నువ్వుండావు. నన్నిడిసిపెట్టి యాడికి పోతావు నువ్వు?"

నేను చెప్పాలి. అప్పుడే చెప్పాలి. ఆంజి హారన్ కొట్టాడు. చీకటిపడితే చెక్‌పోస్టు వదలరు, పదండి, యల్లా యల్లా అని అరిచాడు. మూట కట్టుకుని వచ్చేశాం.

చెప్పలేదు. ఆంజి ముందు ఎట్లా చెప్పేది.

ఆగస్టు 29, బుధవారం

మా ఇద్దరి పేర్లు రాయించి వచ్చాను. వలన్న ఫారం కూడా నేనే నింపాను. ఆంజికి టాక్సీ ఏం చెయ్యాలో తెలియలేదు, చివరికి తనూ రాయించుకున్నాడు. సెప్టెంబరు మూడు బస్సు.

సాయంత్రం వలన్న, ఉన్న గుడ్డలు ఇస్త్రీ చేసి పెట్టిపోదాం అన్నాడు. ఎవరికి అని ఆంజి నవ్వాడు. "గిరాకి వస్తే నలిగిన గుడ్డ చూపిస్తామా?" అన్నాడు వలన్న. నేను అలవాటుగా లేచి బయట మెట్టు మీద కూర్చున్నాను. ఆయన చేత్తో తడుముకుని కొక్కెం తీసి, బల్ల దించి, కాలు నిలబెట్టాడు. అరచెయ్యి పరిచి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా నడిపాడు. ఎడమవైపు వచ్చాక ఆగాడు.

"పరుపు కొత్తగా ఏసినావే" అన్నాడు.

"ఆఁ."

"బాగుండాది. మెత్తగా."

ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. ఆరు దిష్‌దాషాలు, ఇంజనీరు గారి కోటు. వాటి చేతులు సన్నపలక మీద. పెట్టె ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో వేళ్ళే చూసుకుంటున్నాయి. ఒక్క మడత తప్పలేదు. తడిగుడ్డ మీద పెట్టె ఆనినప్పుడు వచ్చే ఆ వాసన, ఆ బుస్సుమనే చప్పుడు. నందలూరు పంచలో ఉన్నట్టే ఉంది నాకు. ఈ కొట్టులో తొమ్మిదేళ్ళు నేను సుఖంగా ఉన్నానని ఇప్పుడే తెలుస్తోంది.

నైలాన్ ముక్క జేబులో గుచ్చుకుంటోంది. చెప్పలేదు.

సెప్టెంబరు 3, సోమవారం

గుడ్డలు వరసగా తగిలించి, చీటీలు గుచ్చాం. కోటు మాత్రం సీతాలక్ష్మి గారు చెప్పినట్టు వలన్నకిచ్చాను. బల్ల విప్పి తీసుకుపోదామా అన్నాను. బస్సులో మనుషులకే చోటు లేదు. "ఉండనీ. గోడది గోడకే" అని వలన్న బల్లను పైకెత్తి కొక్కెం పెట్టాడు. పైనున్న మల్లు గుడ్డ ఒక్కటి విప్పి మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు. షట్టర్ దించి తాళం వేశాను. తాళం చెవి ఏం చెయ్యాలో తెలియక జేబులో వేసుకున్నాను.

బస్సులో చెప్తాను.

సెప్టెంబరు 4

బస్రా. చెప్పలేదు. పక్కన పసిబిడ్డ ఒకటే ఏడుపు.

సెప్టెంబరు 6

బాగ్దాద్ దాటాం. వలన్న నా భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. లేపి చెప్పే మాటా ఇది.

సెప్టెంబరు 7

చెప్పలేదు. ఏ కారణం లేదు. భయం.

సెప్టెంబరు 11, మంగళవారం

జోర్డాన్ సరిహద్దు. కనుచూపు మేర గుడారాలు, దుమ్ము. నాలుగు రోజులుగా ఇక్కడే. నీళ్ళ బండి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పొద్దున ఆంజి పరుగున వచ్చి, రేపటి విమానం లిస్టులో ముగ్గురి పేర్లూ ఉన్నాయన్నాడు. రాత్రి ఎనిమిది గంటలకే బస్సు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆంజి నీళ్ళకు పోయాడు. వలన్న, "నీ చొక్కా ఈయ్" అన్నాడు.

"ఎందుకు?"

"బొంబాయిలో దిగుతాం. నలిగిన చొక్కాతో దిగుతామా, కుట్టేవోళ్ళం?"

బ్యాగులోంచి మల్లు గుడ్డ తీసి నేల మీద కంబళిపైన పరిచాడు. దాని మీద తన చొక్కా, నా చొక్కా పక్కపక్కన పెట్టి, సీసాలోంచి దోసెడు నీళ్ళు చల్లాడు. కాలరు దగ్గర నుంచి మొదలుపెట్టి వేళ్ళతో దిద్దాడు. పైన దుప్పటి కప్పాడు. ఇంజనీరు గారి కోటు మడిచి ఇద్దరికీ తలగడ చేశాడు.

"పండుకో. కదలొద్దు" అన్నాడు.

పడుకున్నాం. గుడారం గుడ్డ ఎండకు తెల్లగా మెరుస్తోంది. పదేళ్ళ కిందట బొంబాయిలో ఇట్లాగే పడుకుని, కువైట్‌లో మన కొట్టు పెద్దదిగా ఉంటుందా అని అడిగాను. మనిద్దరం పడితే చాలదా అన్నాడు.

ఆయన ముఖం చూస్తూ ఎప్పటికీ చెప్పలేను. ఇప్పుడు ఇద్దరం పైకే చూస్తున్నాం. ప్యాంటు జేబులోంచి ఆ ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

"వలన్నా, ఇది పరుపులో ఉండె. జూన్‌లో నేనే పెట్టినా. ఆ మచ్చ నీది కాదు, నాది. తెలిసినంక కూడా నీకు చెప్పల్యా. పాస్‌పోర్టు కూడా నువ్వే వచ్చి అడగాలని పెట్టుకున్యా."

ఆయన ముక్కను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు.

"తెల్సులే" అన్నాడు.

"ఏం తెల్సు?"

"నైలాన్ అని తెల్సు. ఆ పొద్దే తెల్సు. పెట్టె కింద ఏముండాదో చెయ్యి చెప్తాదిరా. కోటు ఎత్తకముందే తెలిసిపోయ, ఈడేం పెట్టినాడ్రా నాయనా అనుకుంటి."

"మరి ఆ పొద్దు ఒక్కమాట చెప్పింటే?"

"గిరాకి మెట్టు కాడ నిలబడుండె గదా. ఆయమ్మ ముందర కుట్టేవోని తప్పు నేను చెప్తే, రేపు నీకు గుడ్డ ఎవురిస్తారు? ఇస్త్రీవోని చెయ్యి జారిందంటే ఎవురూ ఏమనుకోరు. మా నాయన నేర్పిన మాట అది."

"ఆమె పోయినంకన్నా చెప్పొచ్చు గదా."

ఆ ముక్కను గుప్పిట్లో మూసుకున్నాడు. గుడారం తాళ్ళు గాలికి పటపటమన్నాయి.

"చెప్దామనే ఉండె" అన్నాడు. "కండ్లు పోయినాయి అంటివే. అది నిజమే గదా. నీకెట్ల తెలిసిందా అని భయపడితి. ఇంగ నేను పనికిరాననుకుంటివేమో అని పోతి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన వైపు తిరగబోయాను.

"కదలొద్దంటి గదా. కాలరు పోతాది."

వెల్లకిలా అలాగే పడుకున్నాను. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకుంటే చెయ్యి కదుల్తుంది, వీపు కదుల్తుంది. తుడుచుకోలేదు. కాసేపటికి పక్కనుంచి ఆయన చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది. పడి, అక్కడే ఉండిపోయింది.

మూడు గంటలకు లేచాం. ఆయన దుప్పటి తీసి, రెండు చొక్కాలూ వేళ్ళతో తడిమి చూశాడు. తనది బాగా వచ్చింది. నా చొక్కా వీపు మీద వేళ్ళు ఆగాయి. అడ్డంగా ఒక ముడత.

"కదిలింటావు" అన్నాడు.

"కదిలినా. తప్పు నాదే" అన్నాను.

ఆయన నవ్వి, ఆ ముడత మీద రెండు చుక్కల నీళ్ళు చల్లాడు. సాయంత్రం దాకా టైముంది, మళ్ళీ పడుకోమన్నాడు.